ఎర్ర బల్బు ఎప్పుడు వెలగాలి?

మొన్న సంక్రాంతికి తిరుపతిలో మా అక్క వాళ్ళింటికి పోయాను. మేనల్లుడి గదిలో ట్యూబులైటు ఆపేసి ఉంది, కానీ గది మాత్రం వెలిగిపోతోంది. కీబోర్డు, మౌసు, క్యాబినెట్ లోపలి ఫ్యాన్లు... అన్నీ రంగులు మార్చుకుంటూ తిరుగుతున్నాయి.

"ఏందిరా ఇది, గంగమ్మ జాతరకి సీరియల్ సెట్టు కట్టినట్టుండాది?" అన్నాను.

వాడు నవ్వలేదు. "అది ఊరికే తిరగతా ఉంటాది మామా, దానికేం తెలీదు. ఆటలో ఏం జరగతా ఉందో దానికి తెలిసేట్టు చేయొచ్చంట. నీకొస్తాదా?" అన్నాడు.

వాడు నవ్వకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పటి నుంచీ వాడికి కుడి చెవి వినపడదు, ఎడమ చెవి సగమే. చెవి మిషను పెట్టుకుంటాడు. దాని మీద హెడ్‌సెట్ పెడితే కుయ్యిమని ఈల వేస్తుందట. అందుకని ఆడేటప్పుడు మిషను తీసి పక్కన పెడతాడు. వాడు ఆడేది కౌంటర్ స్ట్రైక్. అందులో బాంబు పెట్టారంటే బీప్ బీప్ మని మొదలవుతుంది, పేలే సమయం దగ్గరపడే కొద్దీ బీప్‌లు జోరందుకుంటాయి. తెర మీద గుర్తు కూడా వస్తుంది, నిజమే. కానీ కళ్ళు తుపాకీ గురి మీద ఉన్నప్పుడు ఎక్కడో పైన వచ్చే చిన్న గుర్తు ఎవరికి కనపడుతుంది? టీములో మిగతా నలుగురూ తిడతారు. ఆ తిట్లు కూడా వాడికి సరిగా వినపడవు, అదొక్కటే లాభం :)

"వస్తాదిలే" అన్నాను, రాకపోయినా. మామ అన్నాక ఆ మాత్రం బడాయి ఉండాలి కదా. ఆ రాత్రి కూర్చుని చదువుతుంటే అర్థమైంది, ఇదేమీ కొత్త సమస్య కాదని. వెలుగుకి జరుగుతున్న సంగతి ఎట్లా తెలియాలి అనే ప్రశ్న చాలా పాతది. దానికి మా చిత్తూరు జిల్లాలో ఒక జవాబు నేను చిన్నప్పుడే చూశాను.

మా వైపు ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఏటా భారతం జరుగుతుంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. చాలా ఊళ్ళల్లో పద్దెనిమిది రోజులకు తక్కువ కాకుండా సాగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఒక రోజు అర్జునుడి వేషగాడు పొడుగాటి తపసు మాను ఎక్కుతాడు. చివర్లో నేల మీద పడుకోబెట్టిన పెద్ద మట్టి బొమ్మ చుట్టూ సుయోధన వధ, ఆ తర్వాత అగ్నిగుండం. సుయోధనుడి వధ పగలే కాబట్టి దానికి లైటుతో పని లేదు. లైటు పనంతా రాత్రి నాటకాలకే. ఒకప్పుడు కాగడాలు, తర్వాత పెట్రోమాక్సు లైట్లు. నా చిన్నప్పటికి కరెంటు ఫోకస్ లైట్లు వచ్చేశాయి.

మా ఊళ్ళో ఆ ఫోకస్ లైటు ముందర ఒక రేకు చక్రం ఉండేది. దానికి నాలుగు కిటికీలు కోసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల జిలేటిన్ కాగితాలు అంటించేవాళ్ళు. పక్కన స్టూలు మీద కరెంటు పని చేసే అన్న ఒకాయన కూర్చుని చేత్తో చక్రం తిప్పేవాడు. ఆయన చదివింది ఏడో క్లాసు. కానీ మద్దెల దరువు మారిందంటే చాలు, రాబోయేది యుద్ధమో ఏడుపో పసిగట్టి చెయ్యి చక్రం మీద పెట్టేవాడు. ద్రౌపది నీలంలో ఏడ్చేది, భీముడు ఎరుపులో రంకెలేసేవాడు. ఒక ఏడాది కీచక వధ నాడు, తెల్లవారుజామున ఆయన కునుకు తీశాడు. చక్రం ఆకుపచ్చ దగ్గర ఆగిపోయింది. పాపం కీచకుడు అరిచి గోల పెట్టి ఆకుపచ్చగా చచ్చిపోయాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన్ని "పచ్చ కీచకుడు" అని పిలిచేవాళ్ళం.

మా సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఆయన ఈవెంట్ లిజనర్. స్టేజి మీద ఏదో జరుగుతుంది, ఆయన వింటాడు, వెలుగు మారుతుంది. రంగు తప్పితే జనం నవ్వారంటే, అంతకుముందు ఆ రంగుకి ఒక అర్థం ఉండేదన్న మాట.

తర్వాత వచ్చింది సీరియల్ సెట్టు. తిరుమల బ్రహ్మోత్సవాలకి తిరుపతిలో కట్టే బల్బుల దేవుళ్ళని చూడని వాడుండడు. శంఖు చక్రాలు తిరుగుతుంటాయి, గరుడ పక్షి రెక్కలాడిస్తుంది. పాతకాలంలో ఇందులో చిప్పులేమీ లేవు. గుండ్రటి చెక్క దిమ్మకి రాగి రేకులు కొట్టి, చిన్న మోటారుతో తిప్పేవాళ్ళు. రేకు వచ్చి వైరుకి తగిలినప్పుడు ఆ వరుస వెలుగుతుంది, దాటిపోగానే ఆరిపోతుంది. మూడు వరుసల బల్బుల్ని ఒకదాని పక్కన ఒకటి కలిపి కట్టి, ఒకటి, రెండు, మూడు అని వెలిగిస్తే వెలుగు పరిగెత్తినట్టు కనపడుతుంది. 6 వోల్టుల బుల్లి బల్బులైతే 230 వోల్టులకి దాదాపు 40 వరుసగా కట్టాలి. ఒక్కటి పోతే మొత్తం వరుస ఆరిపోతుంది. ఎక్కడ పోయిందో వెతకడం మాకు పండగ రోజు డ్యూటీ. 1972లో 555 టైమర్ చిప్పు మార్కెట్లోకి వచ్చింది. దానికి 4017 అనే లెక్కపెట్టే చిప్పు జతచేసి కుర్రాళ్ళు ఇంట్లోనే రన్నింగ్ లైట్లు చేసుకోవడం మొదలుపెట్టాక చెక్క దిమ్మలు మెల్లగా మూలపడ్డాయి.

అందం సంగతి పక్కన పెడితే ఇక్కడ ఒకటి పోయింది. దిమ్మకి కళ్ళు లేవు, చెవులు లేవు. వాహనం గుడి ముందరికి వచ్చినా, వాన పడి జనం పారిపోయినా అది తిరిగేది తిరుగుతూనే ఉంటుంది. మా వాడి కీబోర్డు కూడా కంపెనీ నుంచి వచ్చినప్పుడు అంతే. ఎన్ని వేలు పోసి కొన్నా, డబ్బా విప్పగానే అది చెక్క దిమ్మే!

మూడో రకం చప్పుడుని బట్టి వెలిగేది. పెళ్ళి బరాతు డీజేల్లో చూస్తాం కదా, పెద్ద డప్పు శబ్దానికి ఎరుపు, సన్న శబ్దానికి నీలం. దీనికి ఎంతో కొంత చెవి ఉంది, కానీ అర్థం తెలియదు. పాటకీ, పక్కనున్న బస్సు హారనుకీ ఒకే తీరుగా ఎగురుతుంది.

బయటి ప్రపంచం కూడా ఈ దారుల్లోనే తిరిగింది. 1725 ప్రాంతంలో కాస్టెల్ అనే ఫ్రెంచి పాదిరి, మెట్టు నొక్కితే రంగు కనపడే వాయిద్యం చేయాలని తపన పడ్డాడు. 1910లో రష్యా సంగీతకారుడు స్క్రియాబిన్ తన ప్రొమీథియస్‌లో వాయిద్యాలకి రాసినట్టే వెలుగుకి కూడా స్వరాల్లో ఒక వరుస రాశాడు. 1911లో మాస్కోలో మొదటిసారి వాయించినప్పుడు ఆ వెలుగు కుదరలేదు. 1915లో న్యూయార్క్‌లో రంగులు వేసే యంత్రం పెట్టి వాయించారు. ఆయన కోరిక మా ఊరి అన్నకి బాగా తెలిసిందే... వెలుగు కూడా కథలో ఒక పాత్ర కావాలి.

ఆటల్లోకి వద్దాం. 2004లో ఫిలిప్స్ వాళ్ళు యాంబీలైట్ టీవీ తెచ్చారు. తెర అంచున ఏ రంగుంటే వెనక గోడ మీద ఆ రంగు పడుతుంది. ఇది డీజే లైటు జాతే, చెవి బదులు కన్ను. తెర మీద ఎరుపు కనపడితే అది రక్తమో, సూర్యాస్తమయమో, టమాటా బండో దానికి తెలియదు. 2013లో ప్లేస్టేషన్ 4 కంట్రోలరుకి ఒక లైటు పట్టీ వచ్చింది. ఆ మరుసటేడు దాని మీద జీటీఏ 5 ఆడిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పోలీసులు వెంటపడగానే చేతిలో ఎరుపు, నీలం మార్చి మార్చి కొట్టుకునేది. ఇక్కడ ఊహించడం లేదు, ఆటే స్వయంగా కబురు పెడుతోంది.

అసలు మన పనికి వచ్చింది 2015లో. కౌంటర్ స్ట్రైక్ తయారు చేసిన వాల్వ్ కంపెనీ గేమ్ స్టేట్ ఇంటిగ్రేషన్ అని ఒకటి బయటపెట్టింది. పేరు పెద్దది, పని చిన్నది. ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్లో మీ కంప్యూటర్లోనే ఒక అడ్రసు రాసి పెడితే, ఆట ఆ అడ్రసుకి జేసన్ రూపంలో ఉత్తరాలు వేస్తుంది. ఆరోగ్యం ఎంత, తూటాలెన్ని, కళ్ళు బైర్లు కమ్మాయా (0 నుంచి 255 దాకా అంకె ఇస్తుంది), బాంబు పెట్టారా లేదా. మనం "అందింది" అని జవాబివ్వాలి, లేకపోతే అందలేదనుకుంటుంది. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినా ఈ ఏర్పాటు అట్లాగే ఉంది.

ఇందులో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, ఆడుతున్న వాడికి వాడి సంగతులే పంపుతుంది. పదిమందీ ఎక్కడెక్కడున్నారో చెప్పేది బయట కూర్చుని చూసే వాళ్ళకి మాత్రమే. అంటే తెర దాచిన దాన్ని వెలుగు చాడీ చెప్పదు. మా ఊరి అన్నకి కూడా కీచకుడు చస్తాడని ముందే తెలుసు, అయినా భీముడు పట్టుకునే దాకా చక్రం తిప్పేవాడు కాదు. రెండోది, వినేవాడు ఎవరైనా కావచ్చు. ఫలానా కంపెనీ బల్బే కొనాలని రూలు లేదు.

ఈ రెండోది ఎంత ముఖ్యమో నాకు డబ్బులు పోయాక తెలిసింది. కొన్నేళ్ళ క్రితం ఒక రంగుల బల్బు కొన్నాను. దాని యాప్‌కి లాగిన్ కావాలి, లాగిన్‌కి వాళ్ళ సర్వరు కావాలి. ఒక రోజు సర్వరు మూసేశారు. అంతే, కోటిన్నర రంగుల బల్బు తెల్ల బల్బైపోయింది. చెక్క దిమ్మ చెడిపోతే ఆచారి దగ్గరికి పోతే బాగయ్యేది, దీనికి ఎక్కడికి పోవాలి? ఒక్కో కంపెనీకి ఒక్కో సాఫ్ట్‌వేరు అనే గోల తగ్గించడానికి ఓపెన్ ఆర్‌జీబీ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. 2023లో విండోస్ 11 లోనే డైనమిక్ లైటింగ్ పెట్టారు. ఆలస్యమైనా మంచిదే.

సరే, మా పని. కీబోర్డు జోలికి పోకుండా 30 లైట్ల ఎల్‌ఈడీ పట్టీ ఒకటి, చవక వైఫై బోర్డు ఒకటి తెచ్చాం. ఈ పట్టీ పనిచేసే తీరు మా వాడికి ఇట్లా చెప్పాను. అన్నదానంలో బంతికి కూర్చున్నప్పుడు విస్తరాకుల కట్ట ఈ చివరి వాడి చేతికిస్తారు. వాడు ఒకటి తీసుకుని మిగతా కట్ట పక్కవాడికిస్తాడు. పట్టీలో ప్రతి లైటులోనూ ఒక చిప్పు ఉంటుంది, వచ్చిన వాటిలో మొదటి 24 బిట్లు తను ఉంచుకుని మిగతావి పక్కదానికి పంపుతుంది. ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 మెట్లు. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. ఇన్ని రంగులకీ మూలం, 1993లో జపాన్‌లో నకమురా చేసిన వెలుగున్న నీలం ఎల్‌ఈడీ. ఎరుపు 1962 నుంచే ఉన్నా, మంచి నీలం లేక ముప్పై ఏళ్ళు ఆగాల్సొచ్చింది. ఆ నీలానికే 2014లో ఆయనకీ, అకసాకి, అమనోలకీ కలిపి నోబెల్ ఇచ్చారు.

పైథాన్‌లో అరవై లైన్లు రాశాను. బాంబు పెడితే పట్టీ ఎర్రగా వెలగాలి. మా వాడు ఆట మొదలుపెట్టాడు, అవతలి టీము బాంబు పెట్టింది... పట్టీ పచ్చగా వెలిగింది! ఈ చిప్పులు ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు తీసుకుంటాయట, నేను తిరగేసి పంపాను. ఎన్నో ఏళ్ళ తర్వాత కీచకుడు మళ్ళీ ఆకుపచ్చగా చచ్చాడు. నేను ఒక్కడినే పడీ పడీ నవ్వుతుంటే మా వాడు వింతగా చూశాడు. ఆ అన్న కథ చెప్తే అప్పుడు నవ్వాడు.

సరిచేశాను. ఆలస్యంగా వెలుగుతోందన్నాడు, ఉదాహరణ ఫైల్లో రెండు కబుర్ల మధ్య అర సెకను ఆగమని ఉంది, అది తగ్గించాను. బాంబు పెట్టగానే ఎరుపు, పేలే 40 సెకన్లు గడిచే కొద్దీ కొట్టుకోవడం జోరు. అడుగుల చప్పుడు మాత్రం వెలుగులో రాదు, ఆట ఆ కబురు పంపదు. ఆ ఆటలో వాడు ఓడిపోయాడు. కానీ బాంబు పెట్టిన సంగతి టీములో అందరితో పాటే తెలిసింది.

రాత్రి పడుకునే ముందు మళ్ళీ గదిలోకి తొంగి చూశాను. కీబోర్డు మీద తిరిగే రంగులన్నీ ఆపేసి ఉన్నాయి. "ఆపేసినావేంరా?" అన్నాను.

"అవి ఎప్పుడూ వెలగతా ఉంటే ఎర్రది కనపడదు కదా మామా" అన్నాడు.

గదంతా చీకటిగా ఉంది. వాడు తెర వైపు చూస్తూ ఆడుకుంటున్నాడు. మిషను పక్కన బల్ల మీద ఉంది. నేను తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాను, పట్టీ ఎప్పుడు వెలుగుతుందా అని.