ఉస్మానియా పూర్వ విద్యార్థుల విద్యా సహాయం

హబ్సిగూడను ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1917 నాటి నిజాం ఫర్మానాతో రూపుదిద్దుకుంది. అక్కడ చదివినవారు తర్వాతి తరాల చదువుకు చేస్తున్న ఆర్థిక సహాయానికి దీర్ఘ చరిత్ర ఉంది.

నుమాయిష్: 1938లో ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాద్ రాష్ట్ర ఆర్థిక సర్వేకు నిధుల కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన పెట్టారు. అది 1946లో నాంపల్లిలోని ఇప్పటి ప్రదర్శన మైదానానికి మారింది. ఏటా జనవరిలో మొదలయ్యే ఈ నుమాయిష్ రాబడితో, దాన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలకు అండగా నిలుస్తోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వాటిలో ఉన్నాయి. ఎందరో ఆడపిల్లలకు ఉన్నత విద్యను దగ్గర చేసిన కృషి ఇది.

ఉపకార వేతనాలు: పూర్వ విద్యార్థుల ఉపకార వేతనాలకు సాధారణంగా రెండు పద్ధతులున్నాయి. శాశ్వత నిధిలో అసలును బ్యాంకులో ఉంచి, ఏటా వడ్డీని పంచుతారు. రెండో పద్ధతిలో ఒక దాత ఒక విద్యార్థి ఖర్చును కోర్సు పూర్తయ్యేదాకా భరిస్తారు.

అవసరం: ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే, బకాయి తీరేదాకా కళాశాలలు సర్టిఫికెట్లు ఆపిన సందర్భాలున్నాయి. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు మాత్రం ఆగవు. పల్లె నుంచి వచ్చిన తొలితరం విద్యార్థి చదువు మానేయకుండా నిలబెట్టేది సరైన సమయంలో అందిన చిన్న మొత్తమే. అందుకే ఎంత ఇస్తున్నారన్న దానితోపాటు ఎప్పుడు ఇస్తున్నారన్నదీ ముఖ్యం.