అనంత దారుల్లో పిల్లలకు ఇంత ముద్ద

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లు. కొన్నేళ్లు అదీ ఉండదు. ఇలాంటి నేల మీద పిల్లలను వెంటబెట్టుకుని ప్రయాణం కట్టినవాళ్లు ముందు అన్నం ఎక్కడ దొరుకుతుందని అడగలేదు, నీళ్లెక్కడున్నాయని అడిగారు. బావి ఉన్నచోట బండి విప్పారు, చెట్టు ఉన్నచోట సద్దిమూట విప్పారు. ఈ దారుల్లో పిల్లలు ఇష్టంగా తినే చోట్లు ఎలా పుట్టాయో తెలుసుకోవాలంటే ఆ బావుల దగ్గర మొదలుపెట్టాలి.

సాహిత్యంలో మనకు కనిపించే పాత భోజనశాల ఓరుగల్లుది. 15వ శతాబ్దపు క్రీడాభిరామంలో రూకకే భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు ఉంది. సన్నన్నం, గోధుమ వంటకం, నెయ్యి, అరటిపళ్లు, పెరుగు, అన్నీ వడ్డిస్తారు. అయితే ఆ కావ్యంలో అక్కడికి వెళ్లే స్నేహితులిద్దరూ ఊరు చూడవచ్చిన పెద్దవాళ్లు. పూటకూళ్ల ఇల్లు నగరానికి చెందినది, చేతిలో రూక ఉన్నవాడికి చెందినది. మెట్టపొలాల మధ్య ఊరి నుంచి ఊరికి నడిచే కుటుంబానికి దిక్కు ఇంటి నుంచి కట్టుకొచ్చిన రాగి సంగటి, జొన్నరొట్టె, చెనక్కాయలు వచ్చాక వాటి ఊరిబిండి.

పిల్లల మాట వస్తే మాత్రం అనంతపురం సీమకు లేపాక్షి ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, పెనుకొండకు చెందిన విరూపణ్ణ కట్టించాడని చెప్పే ఈ వీరభద్రాలయంలో నేల మీద రాతిలో చెక్కిన పళ్లేలున్నాయి. నడుమ గుండ్రటి చోటు, చుట్టూ గిన్నెల్లాంటి గుంతలు. శిల్పులు అన్నం తినడానికి చెక్కుకున్నారని కొందరు, చిత్రకారులు రంగులు కలుపుకున్నారని మరికొందరు అంటారు. పిల్లలను తీసుకెళ్లి చూడండి, ఒక్కరు కూడా రంగుల మాట ఒప్పుకోరు. వెంటనే చుట్టూ కూర్చుని ఏ గుంతలో పప్పు, ఏ గుంతలో పచ్చడి అని పంచుకుంటారు.

అదే గుడిలో ఏడు పడగల నాగలింగానికీ ఒక వంటింటి కథ ఉంది. తల్లి అన్నం వండుతుంటే, అది ఉడికేలోపు ఊరికే కూర్చోలేక శిల్పులైన కొడుకులు అక్కడి బండను నాగుపాముగా చెక్కేశారని స్థానికులు చెబుతారు. చరిత్రకారులకు ఇది ఆధారం కాకపోవచ్చు. నాకు మాత్రం ఇందులో తల్లిదండ్రులందరికీ తెలిసిన సత్యం కనిపిస్తుంది. పిల్లలకు కష్టమైనది ఆకలి ఒక్కటే కాదు, అన్నం వచ్చేదాకా ఆగడం కూడా. ఆ కాసేపు కంటికీ చేతికీ పని దొరికిన చోటే వాళ్లకు నచ్చుతుంది. తర్వాత వచ్చిన ప్రతి తిండి చోటునూ నేను ఈ కొలతతోనే చూస్తాను.

కుంఫిణీ కాలానికి వస్తే సత్రాలు కనిపిస్తాయి. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం గుత్తిలో సత్రం కట్టారు. ప్రయాణం ఎంత ప్రమాదమో, మంచినీళ్లు ఎంత ముఖ్యమో ఆ మరణమే చెబుతుంది. ఆ తర్వాత మూడేళ్లకు, 1830లో, మద్రాసు నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పక్కనే ఉన్న కడప, అహోబిలం దారిన వెళ్లాడు. మజిలీ మజిలీకీ అంగళ్లు ఉన్నాయా, సరుకులు దొరుకుతాయా, నీటి వసతి ఎలాంటిది అని రాసుకుంటూ పోయాడు. సరుకులు కొనుక్కుని వండుకోవడమే ఆనాటి పద్ధతి. వండిన అన్నం అమ్మే చోటు కోసం ఆయన వెతకలేదు.

1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాని మీద పడ్డాయి. ఐదేళ్లు తిరగకుండానే 1876-78 కరువు వచ్చింది. రైలు నడిచే సీమలోనే జనం తిండి లేక చనిపోయారు. ప్రయాణంలో పిల్లల సరదా గురించి రాసేవాళ్లు ఈ సంగతి దాటేయకూడదు. ఇక్కడ చాలామంది పిల్లలకు తొలి ప్రయాణం విహారం కాదు, వలస.

తర్వాతి దశాబ్దాల్లో గుంతకల్లు పెద్ద జంక్షనైంది. బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి రెండూ కలిసే చోటు కావడంతో రైలు మారాల్సి వచ్చేది, మారాలంటే గంటల తరబడి ప్లాట్‌ఫారం మీద కూర్చోవాల్సి వచ్చేది. పెద్దలకు విసుగు పుట్టించే ఆ ఎదురుచూపే పిల్లలకు పండగ. ఇంజన్లు నీళ్లు తాగుతుండేవి, గార్డు జెండా ఊపేవాడు, కూలీలు అరిచేవారు, ఆ మధ్యలో పొట్లం విప్పి చిత్రాన్నం తినడం. లేపాక్షి కథలోని ఎదురుచూపు ఇక్కడ రైలు స్టేషనుకు వచ్చింది.

కాని అందరి పిల్లలూ ఒకేచోట కూర్చుని తినలేదు. స్టేషన్లలో హిందువులకు వేరే నీళ్లు, ముస్లింలకు వేరే నీళ్లు. బ్రాహ్మణులకు విడిగా గది. 1920ల తర్వాత దక్షిణాది అంతటా ఉడుపి పద్ధతి కాఫీ హోటళ్లు విస్తరించాయి. కన్నడ సీమ పక్కనే ఉన్న హిందూపురం, అనంతపురం బజార్లకు ఆ రుచి తేలిగ్గానే చేరింది. పెనం మీద దోసె తిరగేస్తుంటే నోరు తెరుచుకుని చూసే పిల్లల్లో కులం లేదు, హోటళ్లలో మాత్రం ఉంది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం కులం, మతం చూసి హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపే వీల్లేదని చెప్పింది. అయినా పల్లెల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాతా చాలాకాలం నడిచింది. దోసె పెనం దగ్గర ఏ బిడ్డయినా నిలబడగలగడం ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపని నా నమ్మకం.

ఇక సీమ సొంత టిఫిను ఉగ్గాని. నానబెట్టి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే సిద్ధం. పక్కన మిరపకాయ బజ్జి. పిల్లలతో వెళ్లేవాళ్లకు దీనికి సాటి వచ్చేది నాకు కనిపించదు. నిమిషాల్లో తయారవుతుంది, మెత్తగా ఉంటుంది, కారం తగ్గించమంటే తగ్గిస్తారు, బజ్జి పెద్దవాళ్లకు వదిలేయొచ్చు. బొరుగులు వేడి మూకుడులో కలుస్తుంటే పసుపు రంగు పాకడం పిల్లలు చూస్తూ నిలబడతారు. వేరుశనగ 20వ శతాబ్దంలో ఈ జిల్లాను కమ్మేసి, ఒక దశలో 7 లక్షల హెక్టార్లు దాటింది. దాంతో బస్టాండ్లలో ఉడికించిన కాయలు, బెల్లం కలిపిన ఉండలు పిల్లల చేతికి వచ్చాయి.

1950 నవంబర్‌లో పుట్టపర్తిలో ప్రశాంతి నిలయం ఆశ్రమం ప్రారంభమయ్యాక కరువు సీమలోని ఓ కుగ్రామానికి దేశదేశాల కుటుంబాలు రావడం మొదలైంది. ఆశ్రమంలో దక్షిణాది, ఉత్తరాది, పాశ్చాత్య వంటలకు వేరువేరు క్యాంటీన్లు వెలిశాయి. ఇడ్లీ, చపాతీ, బ్రెడ్డు ఒకే ఆవరణలో. 2019లో పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్లు తయారవడం మొదలయ్యాక కొరియా వంటల హోటళ్లూ వచ్చాయి.

హైదరాబాద్ - బెంగళూరు రోడ్డు నాలుగు వరసలైన తర్వాత 44వ నంబరు హైవే పొడవునా పెద్ద హోటళ్లు లేచాయి. జారుడుబల్ల, ఊయల, ఐస్‌క్రీం, ఏసీ గది. వసతులు మంచివే, శుభ్రమైన మరుగుదొడ్డి ఒక్కటే చాలు తల్లులు ధన్యవాదాలు చెప్పడానికి. కాని వంటగదిని గోడ వెనక దాచారు. ఉగ్గాని, సంగటి చాలాచోట్ల మెనూలో ఉండవు. గుత్తి, పెనుకొండ దాటిపోయే పిల్లలకు తామెక్కడ తింటున్నారో తెలియదు. ఆ హోటళ్లవాళ్లు ముందువైపు ఒక పెనం, ఒక మూకుడు పెట్టి, పిల్లలు నిలబడే ఎత్తులో అద్దం బిగించాలని నా కోరిక.

హోటలే అక్కర్లేని చోటూ ఒకటుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాదాపు 5 ఎకరాల నీడ అది. ఊడల మధ్య దాగుడుమూతలాడి వచ్చి తినడానికి ఇంటి సద్దే మేలు. ఓళిగలు, నిమ్మకాయ చిత్రాన్నం, పెరుగన్నం పూటలోపు చెడవు. నీళ్లు మాత్రం ఎక్కువే తీసుకెళ్లాలి.

వలస దారి ఇంకా ఆగలేదు. బెంగళూరు బస్సుల్లో మూటలతో పాటు పిల్లలూ ఎక్కుతూనే ఉన్నారు. 2018లో మొదలై, మధ్యలో మూతబడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పూట భోజనం 5 రూపాయలు. పని కోసం ఊరు విడిచే తల్లి తన బిడ్డను బల్ల దగ్గర కూర్చోబెట్టి వేడి అన్నం తినిపించగలిగే ధర అది. ఇలాంటి క్యాంటీన్ వలస బస్సులు ఆగే ప్రతి బస్టాండులోనూ ఉండాలి, తెల్లవారుజామున మొదటి బస్సు వేళకే తెరవాలి.