ఎవరి గుట్టు, ఎవరి రట్టు? బొగ్గు బెల్టు విచారణల చరిత్ర
1889లో ఇల్లెందులో మొదలైన సింగరేణి తవ్వకాల నూరేళ్ల గుర్తును సెంటినరీ కాలనీ పేరులోనే మోస్తున్నది. నూరేళ్ల బొగ్గు లెక్కలు అచ్చులో దొరుకుతయి. నౌకరీ పోయిన కార్మికుని కథ మాత్రం ఎంక్వైరీ ఫైల్లనే ఉంటది. ఆ ఫైలు ఎవరి ముందు తెరుస్తరు, ఎవరు అడిగితే మూస్తరు? ఇదీ మేము పరిశీలిస్తున్న ప్రశ్న.

మస్టర్లు తగ్గితే చార్జిషీటు. దాని మీద ఎంక్వైరీ ఆఫీసు గదిలో నడుస్తది. ఆరోపణ చేసేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ యాజమాన్యమే. డిస్మిస్ అయితే నౌకరీ వెంట క్వార్టరూ పోతది. అప్పుడు మిగిలే దారి గోదావరిఖని లేబర్ కోర్టు. శిక్ష మరీ ఎక్కువైతే తగ్గించే అధికారం 1971లో చేరిన 11-ఎ సెక్షన్‌తో వచ్చింది. 1987 ఆంధ్రప్రదేశ్ సవరణతో కార్మికుడు నేరుగా కోర్టుకెక్కే వీలు కలిగింది. యూనియన్ నాయకుని గడప ముందు నిలబడాల్సిన పని తప్పింది. దళిత కార్మికునికి ఇది చిన్న మార్పు కాదు.

విచారణ బహిరంగంగా జరగాలని 1957 కేంద్ర నియమాలు చెప్పినయి. అయితే 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 21వ సెక్షన్ ఇంకో తలుపు పెట్టింది. సాక్ష్యంలో తప్ప వేరే దొరకని వ్యాపార సమాచారాన్ని గుట్టుగా ఉంచమని కంపెనీ రాసిస్తే, దాన్ని తీర్పులో పెట్టకూడదు. యూనియన్‌కూ ఇదే రక్షణ. తెలిసీ బయటపెడితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మరి కార్మికుని గుట్టు? అతని రోగం, తాగుడు, ఇంటి గొడవ - నాగాలకు కారణాలన్నీ నిండు కోర్టులో చెప్పుకోవాల్సిందే. 21వ సెక్షన్ లెక్కలో అవి వ్యాపారం కాదు, యూనియనూ కాదు. తలుపులు మూసి వినమని వేడుకోవచ్చు. వినడం, వినకపోవడం జడ్జి ఇష్టం.

కులం సంగతి ఇంకా కఠినం. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు కుల ధ్రువపత్రాల తనిఖీకి పద్ధతి చెప్పింది. దొంగ సర్టిఫికెట్లతో మన వాటా కాజేసేవాళ్లను పట్టడానికి అది అవసరమే, కాదనం. కానీ అందులో ఒక మాట ఉన్నది: ఊళ్లో డప్పు కొట్టించి గానీ, వీలైన మరో విధంగా గానీ ప్రకటన చేసి, అభ్యంతరాలు వినవచ్చునట. తరతరాలుగా ఊరికి చాటింపు వేసిన చేతులే ఇప్పుడు తమ పుట్టుక మీద చాటింపు వినాలి. కంపెనీ గుట్టుకు ఒక కాయితం చాలు. మా పుట్టుకకు ఊరంతా సాక్ష్యం కావాలి.

బహిరంగ విచారణే న్యాయానికి కాపలా అని 1966లో మిరాజ్కర్ కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గుర్తించింది. అవసరమైతే తలుపులు మూసే అధికారమూ కోర్టుకు ఉందన్నది. మేము రెండింటినీ ఒప్పుకుంటాం. పేచీ అల్లా, ఆ అధికారం ఇంతకాలం ఎవరి వైపు తూగిందన్నదే. అధికారం చేసే నిర్ణయం నలుగురిలో తేలాలి. బతుకు గాయం మాత్రం, బాధితుడు కోరితే, దాచాలి.

2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చి 1947 చట్టం స్థానం తీసుకున్నది. కొత్త చట్టాన్ని మన పిల్లలు ఈ ప్రశ్నతోనే చదవాలి: రహస్యం అడిగే హక్కు ఎవరికి రాసిపెట్టిండ్రు?