ఆస్తి జప్తులో... మనిషి జైల్లోకా?

1979 జూన్ 22. కేరళలో ఒక కోర్టు నుంచి వారంటు బయలుదేరింది. బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్‌కు బాకీ పడ్డవాళ్లను పట్టి సివిల్ జైల్లో పెట్టాలి. 1972 నాటి దావాలో వచ్చిన రూ.2.5 లక్షల డిక్రీ అమలు కోసం ఇచ్చిన వారంటు అది. మరో రెండు డిక్రీలు తోడై మొత్తం బాకీ రూ.7 లక్షలు దాటింది.

కట్టెయ్యొచ్చుగా అంటారా? దేంతో కడతారు? స్థిరాస్తులన్నీ అప్పటికే జప్తులో ఉన్నాయి. వాటి అజమాయిషీకి కోర్టు రిసీవర్ను కూడా పెట్టిందని వాళ్ల మొర. అమ్ముకునే వీల్లేదు, అనుభవించే వీల్లేదు. చేతులు కట్టేసి, జేబులోంచి డబ్బు తియ్యమన్నట్టుంది.

మరి వారంటు ఎందుకిచ్చారు? అదే డిక్రీ మీద ఇంతకుముందు ఒకసారి ఇచ్చారు కనక! ఇప్పుడు వాళ్ల దగ్గర ఏముంది, ఉండీ ఎగ్గొడుతున్నారా అన్న విచారణే జరగలేదు. హైకోర్టుకు వెళితే వాళ్ల రివిజన్‌ను నాలుగు ముక్కల్లో కొట్టేసింది. ఒక మనిషి స్వేచ్ఛకు నాలుగు ముక్కలు చాలతాయా? నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

చివరికి సుప్రీంకోర్టు. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్, జస్టిస్ ఆర్.ఎస్.పాఠక్‌ల ధర్మాసనం. 1980 ఫిబ్రవరి 4న తీర్పు వచ్చింది.

చిక్కంతా సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌లో ఉంది. డిక్రీ తర్వాత ఎప్పుడైనా కట్టే స్తోమత ఉండి కట్టకపోతే జైలుకు పంపొచ్చని అందులో ఉంది. అక్షరాలా చదివితే, నిన్న డబ్బుండి ఇవాళ చితికిపోయినవాడూ లోపలికి పోవాల్సిందే. కృష్ణయ్యర్ అలా చదవలేదు. ఒప్పందం ప్రకారం చెల్లించలేకపోయినంత మాత్రాన ఎవరినీ నిర్బంధించరాదన్న అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 1979లోనే ఆమోదించింది. దాన్నీ, రాజ్యాంగం 21వ అధికరణనూ ఎదురుగా పెట్టుకుని ఆయన తేల్చింది ఇది: కట్టకపోవడం ఒక్కటే చాలదు, దురుద్దేశం కనబడాలి. పేదరికం నేరం కాదు.

బాకీ ఉందని డిక్రీ చెబుతుంది. ఎగ్గొడుతున్నాడని చెప్పదు. ఆ రెండోది విడిగా రుజువు కావాలి.

ఇరుపక్షాలూ రాజీపడితే ఇచ్చే రాజీ డిక్రీకీ ఇదే వర్తిస్తుంది. "ఇంత కడతాను" అని ఒప్పుకుని సంతకం చేశాక దానిమీద మామూలుగా అప్పీలు ఉండదు. అమలుచేసే కోర్టు ఆ మొత్తాన్ని తగ్గించలేదు, పెంచలేదు. డిక్రీదారు ఒప్పుకోకుండా వాయిదాలూ ఇవ్వలేదు. లోక్ అదాలత్ అవార్డూ డిక్రీతో సమానమే. కానీ సంతకం పెట్టాడు కదా అని నేరుగా జైలుకు పంపే అధికారం ఏ కోర్టుకూ రాదు. 51వ సెక్షన్ రాజీ డిక్రీకి మినహాయింపు ఇవ్వలేదు. సంజాయిషీ అడగాలి, కారణాలు రాయాలి.

కొచ్చిన్ కేసులో బాకీ రద్దు కాలేదు. అరెస్టు ఉత్తర్వును పక్కనబెట్టి, సుప్రీంకోర్టు కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. వీళ్లకు ఇప్పుడున్న స్తోమత ఎంత? నెత్తిమీదున్న ఇతర భారాలేమిటి? ఉండీ తప్పించుకున్నారా? ముందు అవి తేల్చమంది.