జ్ఞానమ్మ పాఠశాల: కథోలిక ప్రాథమిక విద్యకు ఒక తెలుగు మూలము

కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజనతో అవి ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. 2016లో వికారాబాదు జిల్లాలో చేరెను. ఎల్లలు మారినను అచ్చటి యిండ్లలోని తెలుగు మారలేదు. కావున ఇట్టి సరిహద్దు సీమనుండి మన కథోలిక ప్రాథమిక పాఠశాలల పుట్టుకను విచారించువారు జిల్లా దస్తరములతో తృప్తి పడరాదు. ఆ సంప్రదాయపు ముఖ్యమూలములలో ఒకటి మరియొక సరిహద్దున, తమిళనాట తిరువళ్ళూరు ప్రాంతమునందలి కీళచ్చేరిలో కలదు. తెలుగుసీమనుండి వలసపోయిన కథోలిక కుటుంబములు స్థిరపడిన గ్రామమది.

ఆ పాఠశాలల విలువలును, సమష్టిజీవనమును విదేశీ గురువులు తెచ్చి యిచ్చినవని సామాన్యాభిప్రాయము. ఇందు సగము సత్యము కలదు. 18వ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు మొదలగు తావుల తెలుగువారి నడుమ పనిచేసిరి. 1773లో వారి సభ రద్దయిన పిమ్మట చాల విచారణలకు గురువులే కరవైరి. 1871లో ఇటలీనుండి వచ్చిన కన్యాస్త్రీలు సికిందరాబాదున పునీత అన్నమ్మ పేర పాఠశాల నెలకొల్పిరి. మిల్‌హిల్ గురువులు మద్రాసు మండలమునకు 1875లో వచ్చిరి. అయితే ఈ కన్యాస్త్రీలును, మిల్‌హిల్ గురువులును రాకమునుపే ఒక తెలుగు వితంతువు కీళచ్చేరిలో బాలికలకు బడి పెట్టెను. ఆమెయే జ్ఞానమ్మ.

జ్ఞానమ్మ గుంటూరు సీమలోని ఫిరంగిపురమున 1822లో జన్మించెను. 1837లో కీళచ్చేరికి చెందిన గాలి ఇన్నయ్యతో వివాహమయ్యెను, ఇన్నయ్య ఉపాధ్యాయుడు. భర్త మరణానంతరము, బిడ్డల తల్లియై యుండియు, ఆమె 1863లో బాలికల పాఠశాల నారంభించెను. మద్రాసు పునీత అన్నమ్మ సభయు తన పుట్టుకను ఆ సంవత్సరమునుండియే లెక్కించుకొనును. 1874లో ఫిరంగిపురమునను అదే పేర వేరొక సభ యేర్పడెను. ఆ యేడే, డిసెంబరు 21న, ఆమె మరణించెను. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించెను. సికిందరాబాదు సభకును, జ్ఞానమ్మ సభలకును పేరొక్కటియే గాని పుట్టుక వేరు. పరిశోధకులు వీనిని కలిపి వ్రాయరాదు.

ఆమె జన్మించిన 1822వ సంవత్సరమే సర్ థామస్ మన్రో మద్రాసు రాజధానిలోని దేశీయ పాఠశాలలనుగూర్చి విచారణకు ఉత్తరువు చేసెను. 1826 నాటికి తేలిన లెక్క యిది: పాఠశాలలు 12,498, విద్యార్థులు 1,88,650, వారిలో బాలికలు 4,540 మంది మాత్రమే. అనగా నూటికి ముగ్గురైనను లేరు. ఆ కొద్దిమందిలోను కొందరు ఆటపాటలు వృత్తిగా గల కుటుంబములవారు. కులస్త్రీకి బడి తగదను భావము ఎంత బలమైనదో దీనివలన తెలియును. ఆమె చేసినపని విలువను ఈ వెలుగులో చూడవలెను.

పునీత అన్నమ్మ పేరునందే ఆ పాఠశాలల విలువలకు తాళపుచెవి కలదని నాకు తోచుచున్నది. అన్నమ్మ సన్న్యాసిని కాదు. మరియమ్మకు తల్లి, యేసునకు అమ్మమ్మ. క్రైస్తవ చిత్రకళలో ఆమె పుస్తకము చేతబట్టి బాల మరియకు చదువు నేర్పుచున్నట్లు చిత్రించుట ప్రసిద్ధము. తల్లియే తొలి ఉపాధ్యాయిని యను భావమది. గృహిణియై, తల్లియై, వితంతువై బడి పెట్టిన జ్ఞానమ్మ పనికి ఇంతకన్న తగిన సంకేతము లేదు. ఇచట మఠము పాఠశాలను పెట్టలేదు. పాఠశాల పెట్టిన స్త్రీ చుట్టును మఠము పెరిగెను. గుడి, మఠము, బడి ఒక్క ఆవరణమున నుండుట, త్రికాల జపపు గంటయే బడికిని గంటయగుట, అక్షరములతోపాటు జ్ఞానోపదేశము నేర్చుట యనునవి కథోలిక గ్రామములలో సుపరిచితములు. వీనికి రోమాపురి నియమము ఆకారమిచ్చినది. కాని ఆ ఆకారమున నిండినది తెలుగింటి తల్లిమనసు.

కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టినది 1874లో. తొలి వితంతు వివాహము జరిపించినది 1881లో. ఈ యిరువురి మార్గములు వేరు. వితంతువునకు తిరిగి గృహస్థజీవనము కల్పింపవలెనని పంతులుగారు తలచిరి. జ్ఞానమ్మ మార్గమున వితంతువే గురుపీఠమునకు వచ్చెను. మొదటిది సంఘముతో నేరుగా పోరాడెను. రెండవది పోరాటమని చెప్పకయే వితంతువు స్థానమును మార్చెను. మన సారస్వత చరిత్రలు మొదటిదానిని విస్తరించి చెప్పి రెండవదానిని విడిచినవి. ఇది సరిదిద్దవలసిన లోపము.

అయితే అతిశయోక్తి తగదు. తెలుగునాట మిషను బడులకు ఆమె ఆద్యురాలు కాదు. లూథరన్ మిషనరీ హేయరు 1842లోనే గుంటూరు చేరి పాఠశాలలు పెట్టెను. కథోలిక సంఘములలో కులభేదములు జ్ఞానస్నానముతో తొలగిపోలేదు; ప్రార్థనలో ఒక్కటియైనవారు పంక్తిలో వేరైన సందర్భములు 19వ శతాబ్దిలో సామాన్యములు. వితంతువు తిరిగి పెండ్లాడు హక్కును గూర్చియు ఈ మార్గము ప్రశ్నింపలేదు. ఈ మితులను చెప్పుటవలన ఆమె గౌరవము తగ్గదు; ఆమె నిలిచిన నేల మనకు స్పష్టమగును.

తెలుగుశాఖల పరిశోధకులకు దీనివలన ఒక కర్తవ్యమేర్పడుచున్నది. ఫిరంగిపురము 1928 వరకు మద్రాసు మేత్రాసనమున నుండెను. ఆ యేట నెల్లూరు మేత్రాసనమునను, 1940లో గుంటూరు మేత్రాసనమునను చేరెను. కావున ఒక్క తెలుగు కథకు ఆధారములు మూడు చోట్ల వెదకవలసి యుండును. విచారణ దస్తరములు, హాజరుపట్టీలు, జ్ఞానోపదేశ పుస్తకములు మతచరిత్రకే గాక తెలుగు వచనచరిత్రకును సామగ్రియే. కొడంగల్ బడియైనను, కీళచ్చేరి బడియైనను, అచ్చట బాలిక తొలిసారి వ్రాసిన అక్షరము తెలుగైనచో అది మన చరిత్రలో చేరవలసినదే. దానికి జిల్లా యెల్ల అడ్డు కారాదు. మతపు టెల్లయు కారాదు.