వాల్డోకో పనిశాలలు

19వ శతాబ్దం నడుమ ఇటలీలోని టురిన్ నగరానికి చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు కూలిపనికి వచ్చేవారు. తాపీ పనిలోనో వడ్రంగంలోనో చేరితే దెబ్బలు తినాలి, ఆదివారమూ చాకిరీ చెయ్యాలి. 1841లో కాథలిక్ గురుపట్టం పొందిన జాన్ బోస్కో వీరిని చేరదీసి, 1846లో ఆ నగరంలోని వాల్డోకోలో ఒక కొట్టం అద్దెకు తీసుకున్నాడు.

మొదట పిల్లలను మేస్త్రీల దగ్గర చేర్చి ఒప్పందాలు రాయించేవాడు. 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగి కుర్రాడి కోసం స్టాంపు కాగితం మీద రాసిన ఒప్పందం ప్రసిద్ధం. మేస్త్రీ కుర్రాడిని మాటతోనే దిద్దాలి, కొట్టకూడదు. వృత్తికి సంబంధంలేని పనులు చెప్పకూడదు. పండుగనాడు పని ఉండదు. దిక్కులేని పిల్లల పక్షాన ఇంత తెగువగా నిలబడటం ఆ రోజుల్లో అరుదు.

1853లో వాల్డోకోలోనే చెప్పుల పని, కుట్టుపని మొదలయ్యాయి. తర్వాత పుస్తకాల బైండింగు, వడ్రంగం, అచ్చుపని వచ్చాయి. చదువుకునే రోజుల్లో బోస్కో స్వయంగా కుట్టుపని నేర్చుకున్నవాడే.

ప్రార్థననూ చేతిపనినీ కలిపే ఈ పనిశాలల వెనుక పాత సంప్రదాయం ఉంది. 6వ శతాబ్దంలోనే క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి ప్రార్థనకూ చేతిపనికీ వేళలు కేటాయించింది. ఎవరి వృత్తిలో వారు ఉంటూనే భక్తితో జీవించవచ్చని 1609లో బిషప్ ఫ్రాన్సిస్ ద సేల్స్ రాశాడు. బోస్కో 1859లో స్థాపించిన గురువుల సభకు ఈ సేల్స్ పేరే పెట్టాడు. అలా సలేసియన్లుగా పేరొందిన ఆ సభ గురువులు 1906లో తంజావూరు చేరి భారతదేశంలో బడులు, పనిశాలలు ప్రారంభించారు.