లోపానికి ఒక నంబరు

మయూర్ విహార్ ఫేజ్-1లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషనుకే నోయిడా సెక్టర్ 15 వచ్చేస్తుంది. ఈ కాలనీ నుంచి రోజూ అటు పనికి వెళ్లే సాఫ్ట్‌వేర్ జనంలో తెలుగువాళ్లమూ ఉన్నాం. రాత్రి ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో ఒక నంబరు కొడతాను: సీవీఈ-2014-0160. క్షణాల్లో జవాబు వస్తుంది. గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు లోపం ఉంది, 1.0.1జీలో సరిచేశారు, తీవ్రత పదికి 7.5. హార్ట్‌బ్లీడ్ అని లోకమంతా చెప్పుకున్న లోపం ఇదే. ఇంత సూటిగా అడిగి ఇంత సూటిగా తెలుసుకునే వీలు ఒకప్పుడు లేదు.

1988 నవంబరులో మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేశాక, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ముప్పులపై హెచ్చరించే సెర్ట్ కోఆర్డినేషన్ సెంటర్ పుట్టింది. 1995లో శాటాన్, 1998లో నెస్సస్ వచ్చాయి. కంప్యూటర్లను తట్టి చూసి లోపాలు పట్టే పనిముట్లు అవి. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. వెబ్ సర్వర్లతో పాటు నమూనాగా ఇచ్చిన పీహెచ్‌ఎఫ్ అనే బుల్లి ప్రోగ్రాం సంగతే తీసుకోండి. దాని ద్వారా బయటివాళ్లు సర్వర్‌లో తమకు నచ్చిన ఆజ్ఞ నడిపించగలిగేవారు. దాన్ని ఒకరు ప్రోగ్రాం పేరుతో, ఇంకొకరు సర్వర్ పేరుతో, మరొకరు తమ హెచ్చరిక సంఖ్యతో పిలిచేవారు. రెండు స్కానర్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకుంటే రెండూ చెబుతున్నది ఒకే లోపం గురించో కాదో తేల్చడానికి మనిషే కూర్చుని చదవాలి.

1999 జనవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో మైటర్ సంస్థకు చెందిన డేవిడ్ మాన్, స్టీవెన్ క్రిస్టీ ఒక ప్రతిపాదన పెట్టారు: ప్రతి లోపానికీ అందరూ ఒప్పుకునే ఒకే గుర్తు. అదే ఏడాది సెప్టెంబరులో 321 లోపాలతో సీవీఈ జాబితా బయటికొచ్చింది. పీహెచ్‌ఎఫ్‌కు 1999-0067 దక్కింది. నంబరు, చిన్న వివరణ, చూడాల్సిన ఆధారాలు, అంతే. అన్నీ అందులోనే కుక్కాలనే ఆశకు పోకపోవడమే ఆ జాబితాను ఇన్నేళ్లు నిలబెట్టిందని నా గట్టి నమ్మకం.

మిగతా వివరాలు దాని చుట్టూ చేరాయి. 2005లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన జాతీయ డేటాబేస్ ఎన్‌వీడీని తెరిచింది. తీవ్రతను పదికి లెక్కగట్టే సీవీఎస్‌ఎస్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్‌కు దెబ్బ అన్నది యంత్రం చదవగలిగే రూపానికి వచ్చాకే, మన దగ్గరున్న ప్యాకేజీల పట్టికను స్క్రిప్టుకు అప్పగించి పోల్చి చూడమనడం కుదిరింది.

మన దేశంలో ఇలాంటి లోపాలపై హెచ్చరించే సెర్ట్-ఇన్ ఢిల్లీలో 2004 జనవరి నుంచి నడుస్తోంది. యమునకు అవతల లోధీ రోడ్డు సీజీఓ కాంప్లెక్స్‌లో దాని కార్యాలయం. అది వెలువరించే నోట్‌లకు సొంత సంఖ్య ఉన్నా, లోపల సీవీఈ నంబరు ఇస్తుంది. 2021 నుంచి సీవీఈ నంబర్లు కేటాయించే అధికారమూ దానికి ఉంది.

అయితే వెతికితే దొరకడం వేరు, వెతకడం వేరు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చిన లోపాల్లో సీవీఈ-2017-0144 ఒకటి. మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై విరుచుకుపడింది ఆ దారినే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నింటికి తాళం పడిపోయింది. లోపానికి పేరుంది, మందు ఉంది, రెండు నెలల గడువూ ఉంది. పనిముట్లకు అడిగేవాడు కావాలని నాకు ఆ వేసవిలోనే తెలిసొచ్చింది.

2021 డిసెంబరులో లాగ్4జే అనే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు సమస్య ఇంకో రకం. ఆ లైబ్రరీ వేరే ప్రోగ్రాముల పొట్టలో దాక్కుని ఉంది. తమ దగ్గర అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిపారో సరుకుల చీటీలా రాసివ్వాలన్న మాట, అంటే ఎస్‌బామ్, ఆ తర్వాత మరింత గట్టిగా వినబడింది. 2024లో సెర్ట్-ఇన్ దానికి మార్గదర్శకాలు విడుదల చేసింది.

యంత్రం జవాబును కళ్లు మూసుకుని నమ్మలేం. లినక్స్ పంపిణీలు తరచూ వెర్షన్ సంఖ్య మార్చకుండానే పాత ప్యాకేజీలో మరమ్మతు చేసేస్తాయి. సంఖ్య మాత్రమే చూసే స్కానర్ దాన్ని ఇంకా లోపమనే చూపిస్తుంది. ఇక స్క్రిప్టుతో అడిగేవాళ్లలో ఏపీఐ కీ అనే అనుమతి సంకేతం లేనివాళ్లకు ఎన్‌వీడీ 30 సెకన్లలో 5 ప్రశ్నలే అనుమతిస్తుంది. 200 ప్యాకేజీలను ఒక్కొక్కటిగా అడిగితే 20 నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో స్కానర్ ఎర్ర గీతలతో చూపిన లోపాల జాబితాను చేతితో సరిచూసుకుంటూ ఉంటాను.

జాబితా వెనక మనుషులున్నారన్నది 2024 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. కొత్త లోపాలకు తీవ్రత, వెర్షన్ వివరాలు చేర్చే పని ఎన్‌వీడీలో మందగించి, వేలకొద్దీ నంబర్లు వివరాలు లేకుండా ఉండిపోయాయి. 2025 ఏప్రిల్ 16తో సీవీఈ జాబితాను నడిపే మైటర్ కాంట్రాక్టు ముగిసిపోతుందన్న కబురు మరింత కలవరపెట్టింది. చివరి గడియలో అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా దాన్ని 11 నెలలు పొడిగించింది. ఆ కబురు విన్న రాత్రి, పొడిగింపు ఖాయమయ్యే దాకా ఆగలేక, జాబితా మొత్తాన్ని నా డిస్కులోకి దించుకున్నాను. పీహెచ్‌ఎఫ్ తన పాత నంబరుతో అందులో ఉంది.